పావగడ కౌలు పత్రం

పావగడ సోలార్ పార్కు గురించి ఎవరు రాసినా అంకెలతోనే మొదలుపెడతారు: 2,050 మెగావాట్లు, దాదాపు 13,000 ఎకరాలు, ఐదు ఊళ్లు. నాకు మాత్రం అక్కడి అసలు పనితనం కౌలు పత్రంలో కనిపిస్తుంది.

కర్ణాటక తుమకూరు జిల్లాలో, మన అనంతపురం సీమను ఆనుకుని ఉన్న కరువు తాలూకా ఇది. తెలుగు బాగా వినిపించే నేల. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగళూరు వలస. ఇలాంటి చోట పెద్ద ప్రాజెక్టు అంటే మామూలుగా భూసేకరణే. ఒక్కసారి పరిహారం చేతిలో పెడతారు, అక్కడితో రైతుకూ నేలకూ రుణం తీరిపోతుంది. 2015లో ఈ పార్కు కోసం ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ భూమి కొనలేదు, కౌలుకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల గడువు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది.

ఈ ఏర్పాటులో నేర్పు ఉంది. కరెంటు కంపెనీ ఒక్కో రైతు గడపా తొక్కనక్కర్లేదు. సంస్థే చిన్నచిన్న కమతాలన్నీ కలిపి, రోడ్లు, సబ్‌స్టేషన్లు సమకూర్చి, 50 మెగావాట్ల బ్లాకులుగా విడగొట్టి అప్పగించింది. కంపెనీకి భూతగాదాల బెడద తప్పింది. ఐదెకరాల ఆసామికి మొదటి ఏడాదే 1,05,000 రూపాయలు, వాన మొహం చాటేసినా సరే. బొగ్గు కాల్చని కరెంటు రాష్ట్రానికి, ఏటేటా రాబడి ఊరికి. రెండూ ఒకే కాగితంలో కుదిరాయి.

పెంపు దగ్గర మాత్రం చెయ్యి బిగించారు. లెక్క కట్టి చూస్తే చివరి రెండేళ్ల కౌలు ఎకరాకు 39,600 రూపాయల దగ్గర ఆగుతుంది. అంటే ఏడాదికి సుమారు రెండున్నర శాతం. కిరాణా కొట్టు ధరలు అంత నిదానంగా పెరగవు!

అంతకన్నా పెద్ద లోపం, ఈ పత్రం భూమి ఉన్నవాళ్లతోనే మాట్లాడుతుంది. ఆ చేలల్లో కలుపు తీసి, కాయ పీకిన కూలీలకు అందులో ఒక్క వాక్యం లేదు. గొర్రెలు మేపుకునేవాళ్లకూ లేదు. సోలార్ పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా లాంటి పనులున్నా, పోయిన కూలి అందరికీ తిరిగి రాదు.

సీమలో రేపు సోలార్‌కు భూమి అడగబోయే అధికారులు ఈ పత్రాన్ని తెప్పించుకుని చదవాలి. కౌలు పద్ధతిని అలాగే ఉంచి, పెంపును ధరల సూచీకి ముడిపెట్టండి. భూమి లేని కుటుంబాలకు ఏటా ఇంత అని ఇంకొక్క షరతు రాయండి.