గిరీశం గొప్పలు: అత్యుక్తికీ కోతకూ మధ్య

కన్యాశుల్కం (రెండవ కూర్పు, 1909)లో గిరీశం చెప్పుకొనే గొప్పలను హాస్యానికి ఆకరంగా చదవడం పరిపాటి. ఆ హాస్యాన్ని కాదనలేము. అయితే ఆ గొప్పలు ఎవరి ఎదుట పెరుగుతాయో, ఎవరి ఎదుట తరుగుతాయో గమనిస్తే, గురజాడ వాటిని ఒక వ్యక్తి దుర్గుణంగా మాత్రమే కాక, వక్తకూ శ్రోతకూ మధ్యనున్న సంబంధంగా చిత్రించాడని తోస్తుంది.

అతిశయించి చెప్పడాన్ని మన అలంకారశాస్త్రం తప్పుపట్టలేదు. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో అతిశయోక్తి భేదాలను వివరించడమే కాక, శౌర్యౌదార్యాదులను అద్భుతంగా, అతథ్యంగా వర్ణించే అత్యుక్తిని ప్రత్యేకాలంకారంగా పేర్కొన్నాడు. రాజుగారి దానం వల్ల యాచకులే కల్పవృక్షాలయ్యారని కవి అన్నప్పుడు, అది యథార్థం కాదని కవికీ తెలుసు, రాజుకూ తెలుసు, సభకూ తెలుసు. ఆ ఎరుక ముగ్గురికీ సమానం కనుకనే అది అలంకారమయింది. గిరీశం కోతలకు కావలసింది సరిగా దీనికి విపర్యయం: శ్రోతకు తెలియకపోవడం.

పూనా డెక్కన్ కాలేజీలో భారతదేశపు పతనానికి పదకొండు కారణాలను గురించి మూడు గంటలు ఏకధాటిగా ఉపన్యసించి ప్రొఫెసర్లను నివ్వెరపరిచానని అతడు వెంకటేశంతో అంటాడు. ఇందులో అసలు పనిచేసేవి అంకెలు. ‘చాలా కారణాలు’ అంటే గాలిమాట. ‘పదకొండు’ అంటే లెక్కపెట్టినవాడి మాట. ఇక పూనా, విజయనగరం కుర్రవాడు వెళ్ళి విచారించగల దూరంలో లేదు. కృష్ణరాయపురంలో ఈ దూరాన్ని భాషే కల్పిస్తుంది. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడినప్పుడు గురుశిష్యులు పొంతనలేని పాఠ్యపుస్తకపు వాక్యాలు వల్లిస్తారు. ఆమెకు అది సంభాషణే. ఈ ఘట్టంలో మనం నవ్వేది వెంకమ్మను చూసి కాదని అనుకుంటాం. నిజానికి కొంత ఆమెను చూసే నవ్వుతాం. నాటకం మనలను అలా గిరీశం పక్షాన నిలబెట్టడం గమనార్హం.

మధురవాణి ఎదుట ఈ విద్య పారదు. మాటలతో జీవించే స్త్రీకి మాటల వెల తెలుసు.

బుచ్చమ్మ విషయంలో సమస్య జటిలమవుతుంది. ఆమెకు గిరీశం బోధించిన వితంతు వివాహం కోత కాదు, న్యాయమైన వాదం. కాని అది చెప్పినవాడు తన అర్హతను పెంచి చెప్పుకొన్నాడు. వాదం నిజం, వక్త అబద్ధం. ఈ రెంటినీ విడదీసి చూసే అవకాశం ఆ బాలవితంతువుకు లేదు. ఇల్లు విడిచి వెళ్ళినది మాత్రం ఆమె. గిరీశాన్ని కేవలం హాస్యపాత్రగా చదివే విమర్శ ఈ మూల్యాన్ని లెక్కలోకి తీసుకోదు.

చివరకు సౌజన్యారావు పంతులు ఆమెను పంపదలచిన వితంతు శరణాలయం కూడా పూనాలోనిదే. నాటకారంభంలో గిరీశం గొప్పకు మాత్రమే పనికివచ్చిన ఊరు, ముగింపులో బుచ్చమ్మకు చదువు చెప్పే ఊరు కాబోతున్నది.