తొందరపడని తెల్లపావులు

తాను ఆడని ఆటను తిరిగి ఆడి చూచుట చదరంగాభ్యాసమున సగము పాలని నా నమ్మిక. బల్లపై పావులు పేర్చి, అచ్చులోని తరువాతి ఎత్తును అరచేత కప్పి, ఇచట నేనైతే ఏమి చేయుదునని తర్కించుకొనుచు నేను మాటిమాటికి మరలిపోవు ఆట, 1972 జూలై 23న ఐస్‌లాండ్ రాజధానియగు రేక్‌యవిక్‌లో ప్రపంచ విజేత పదవికై జరిగిన పోటీలో నాటి విజేత స్పాస్కీపై సవాలుదారు ఫిషర్ గెలిచిన ఆఱవ పందెము.

రాజు ముందరి బంటుతో ఆట మొదలుపెట్టుటయే వాడుకగా గల ఫిషర్, ఆనాడు మంత్రివైపు శకటు ముందరి బంటును కదపగా, ఆట క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అను సంప్రదాయరక్షణ లోనికి, అందును స్పాస్కీకి సుపరిచితమైన టార్టకోవర్ పద్ధతి లోనికి మఱలెను. 20వ ఎత్తున తెల్లబంటు ఈ4 గడికి వచ్చి ఢీకొన్నంత, నల్లవారు తమ నడిమి బంటును డీ4 గడికి త్రోసిరి. ఆ ఒక్క అడుగుతో సీ4 గడి తెల్లశకటునకు నిరాటంకమైన నెలవయ్యెను. అటుపై తెల్లబంటు ఒకటి ఈ6 వఱకు చొచ్చుకొనిపోయి నల్లసేనను రెండుగా చీల్చెను.

లోకము మెచ్చునది 38వ ఎత్తున ఎఫ్6 గడిలోని గుఱ్ఱమునకై ఏనుగును బలియిచ్చిన సాహసమును. నన్ను ముగ్ధుని చేయునది దానికి ముందరి నిదానము. 32వ ఎత్తు మొదలు 36వ ఎత్తు వఱకు నల్లమంత్రి ఈ8, డీ8 గడుల నడుమ ఇటునటు తిరుగుట దక్క వేఱొకటి చేయకుండగా, ఫిషర్ ఓరబంటును సవరించుకొని, ఒక్క ఎత్తున చేరదగిన ఎఫ్3 గడికి ఏనుగును బుద్ధిపూర్వకముగా రెండెత్తులలో నడిపి, శకటును డీ3కి, మంత్రిని ఈ4కు చేర్చి, నల్లరాజు ప్రక్కనున్న హెచ్7 గడిపై గుఱిపెట్టెను. కదలలేని శత్రువును కదలకుండ ఉంచుటయే దాడియని యెఱిగినవాడు గనుకనే అతనికి బలి సులభమయ్యెను. 41వ ఎత్తున స్పాస్కీ ఓటమి నంగీకరించి, ప్రేక్షకులతో కూడ తానును చప్పట్లు చఱచెను.

చదరంగము నేర్చు పిల్లలకు బలుల సొంపును మాత్రమే చూపు గురువులకు నా విన్నపమొక్కటి: ఈ ఆటను 32వ ఎత్తు కడ ఆపి, తెల్లవారికి తరువాతి ఐదెత్తులను వారినే వ్రాయుడనుడు, ఆ మీదనే పుస్తకమును తెఱచి చూపుడు.