పీటర్ కుషింగ్: పనిమంతుడి చేతుల్లో భయం

హామర్ సంస్థ 1957లో తీసిన ‘ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో, శవం తల కోసిన బారన్ ఫ్రాంకెన్‌స్టైన్ నెత్తుటి చేతిని తన కోటుకే తుడుచుకుని మళ్లీ పనిలో పడతాడు. వికటాట్టహాసం లేదు, గుడ్లురమడం లేదు. చెయ్యి తుడుచుకున్న తీరే చాలు, ఆ మనిషెంత కర్కోటకుడో తెలిసిపోతుంది. బారన్‌గా నటించినవాడు పీటర్ కుషింగ్.

1913లో ఇంగ్లండ్‌లోని సర్రేలో పుట్టిన కుషింగ్‌ది నాటకాల బడి. 1935లో వర్దింగ్ నాటక సంస్థలో చేరినప్పుడు దక్కింది సహాయ స్టేజి మేనేజర్ పని. ఏ వస్తువు ఎక్కడుండాలో, నటుడి చేతికి ఎప్పుడు అందాలో చూసుకోవడం అందులో భాగం. తర్వాత లారెన్స్ ఒలివియర్ ‘హామ్లెట్’ (1948) సినిమాలో ఆస్రిక్‌గా నటించి, అదే ఏడాది ఓల్డ్ విక్ బృందంతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తిరిగాడు. తెరమీద కూడా అతని చేతులు ఊరుకోవు. కళ్లద్దాలో కత్తెరో కాగితాలో సర్దుతూనే ఉంటాయి. ‘ప్రాప్స్ పీటర్’ అన్న ముద్దుపేరు ఊరికే రాలేదు.

‘డ్రాక్యులా’ (1958) పతాక సన్నివేశం చూడండి. కుషింగ్ పోషించిన వాన్ హెల్సింగ్ పొడవాటి బల్ల మీదుగా పరిగెత్తి, తెరలమీదికి దూకి వాటిని లాగేస్తాడు. ఎండ లోపలికొస్తుంది. రెండు కొవ్వొత్తి స్తంభాలను అడ్డంగా, నిలువుగా పట్టి శిలువ చేస్తాడు. ఆ శిలువ ఆలోచన కుషింగ్‌దే. జేబులోంచి శిలువ తీస్తే అది రచయిత ఇచ్చిన ఆయుధం అయ్యేది. ఇక్కడ ప్రమాదంలో పడ్డ మనిషి అందిన వస్తువుతో తెగించి పోరాడుతున్నాడు. క్రిస్టఫర్ లీ డ్రాక్యులాను మనం నమ్మడానికి సగం కారణం, ఎదుట నిలిచిన ఈ మనిషిని నమ్మడమే.

1971లో భార్య హెలెన్ చనిపోయింది. మరుసటి ఏడాది విడుదలైన ‘టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్’లో, పోయిన భార్యతో మాట్లాడుకునే ఒంటరి ముసలివాడిగా కనిపిస్తాడు. పొరుగువాళ్లు పంపిన విషపు రాతల కార్డులను ఒక్కొక్కటే విప్పి చదువుతుంటే ముఖం కుంగిపోతుంది. అంతటి దుఃఖంలోనూ అతి లేదు.

హారర్‌ను చిన్నచూపు చూసే విమర్శకులు ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఫ్రాంకెన్‌స్టైన్‌ను ఆరుసార్లు పోషించినా కుషింగ్ ఒక్కసారీ మొక్కుబడిగా నటించలేదు. ఆ నిష్ఠ వల్లే రంగు నెత్తురు పాతబడినా అతని నటన పాతబడలేదు.