తిట్టుకీ కులముంది

మా బళ్ళో నాకు రెండు పేర్లున్నాయి. హాజరు రిజిస్టర్లో ఉండేది ఒకటి. నేను లేనప్పుడు స్టాఫ్‌రూములో పలికేది ఇంకొకటి: 'కులం మేడమ్'. ఈ రెండోది పడి మూడేళ్ళయింది. ఇది నా సొంత గొడవే అయితే ఇక్కడ ఎత్తను. కానీ ఈ పేరు పడ్డాక కాలేజీ రోజుల్లో చదివిన పుస్తకాలు కొన్ని మళ్ళీ తీశాను. అప్పుడు కనపడనివి ఇప్పుడు కనపడ్డాయి. వాటి గురించి మాట్లాడాలంటే ముందు ఈ పేరు సంగతి చెప్పాలి.

సంగతి చిన్నదే. కృష్ణా డెల్టాలో ఒక ఊరు. ఊరి ప్రభుత్వ బడి. మధ్యాహ్న భోజనం వండే ఆమెది మాదిగపల్లె. ఊళ్ళో పిల్లలు కొందరు ఇంటి నుంచి కేరేజీలు తెచ్చుకునేవాళ్ళు. ఇంటి తిండి అలవాటేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అంతకు ముందు ఊళ్ళో ఆమె వండినప్పుడు ఈ పిల్లలే వరసలో కూచుని తిన్నారు. ఒకరోజు ఒక చిన్నపిల్ల ఏ కల్మషం లేకుండా చెప్పేసింది, "ఆ ఆయమ్మ చేతి కూర తినొద్దంది మా అమ్మ" అని. మర్నాటి నుంచీ నేను పిల్లల వరసలో కూచుని అదే అన్నం తిన్నాను. నెల చూసి, తల్లిదండ్రుల కమిటీ మీటింగులో లేచి అడిగాను. కేరేజీలు ఎందుకొస్తున్నాయి? ఆమె వండితేనే ఎందుకొస్తున్నాయి?

అంతే. 'ఇన్నాళ్ళూ బడి ప్రశాంతంగా ఉంది. ఈమె వచ్చి కులం తెచ్చింది' అన్నారు. పాఠాలు మానేసి పిల్లల్లో ద్వేషాలు రేపుతుందని పైకి అర్జీ పెట్టారు. నాకు మెమో వచ్చింది. వివరణ రాసిచ్చాను. చూడండి, కులాన్ని కేరేజీలో పెట్టి పంపినవాళ్ళు కులం తెచ్చినవాళ్ళు కారు. మూత తీసి చూపించినదాన్ని నేను, కాబట్టి తెచ్చింది నేను!

మావాళ్ళూ మెచ్చుకోలేదు. "మీ అమ్మ నలుగురిళ్ళల్లో అంట్లు తోమి నిన్ను చదివించింది ఇందుకా? జీతం పుచ్చుకుని నీ పని నువ్వు చూసుకోమ్మా" అన్నాడు నాన్న. ఆయన ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో హెల్పరుగా బతుకు వెళ్ళదీసినవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఆ డిగ్రీ పోతుందేమోనన్నట్టుంది ఆయన భయం.

మెమో వచ్చిన రాత్రి పటమటలో మా ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరిచి గోరా పుస్తకాలు తీశాను. మంచికి పోయి మాట పడ్డవాళ్ళ కథలు చదివితే ధైర్యమొస్తుందని తీశాను. పటమటలో పుట్టినవాళ్ళకి గోరా పుస్తకాల్లో మనిషి కాదు. బెంజిసర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం మా చిన్నతనం నుంచీ కళ్ళముందుంది. మా నాయనమ్మ ప్రతి ఆదివారం చర్చికెళ్ళేది. అయినా గోరా మాటొస్తే, "దేవుడు లేడంటాడు గానీ మనిషి మంచోడే. మనోళ్ళకి పిల్లనిచ్చాడు" అనేది. ఆస్తికురాలు నాస్తికుడికి ఇచ్చిన సర్టిఫికెట్టది.

గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టారు. బ్రాహ్మణుడు. వృక్షశాస్త్రం చదివి కాలేజీల్లో పాఠాలు చెప్పారు. జంధ్యం తీసేశారు. కులం వెలేసింది. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. బందరు హిందూ కాలేజీలోనూ అదే గొడవ. 1940లో ఉద్యోగాల జోలే వదిలేసి ముదునూరు వెళ్ళి నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని పటమటకి తెచ్చారు. కూతురు మనోరమని అర్జునరావు అనే దళిత యువకుడికిచ్చి చేశారు. గాంధీ తన సమక్షంలో చేయిస్తానన్న పెళ్ళి అది. ఆయన హత్య జరిగాక, 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఈ మనిషి మాట పడ్డాడు, ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు, వెనక్కి తగ్గలేదు. ఇందులో దేన్నీ నేను తీసిపారెయ్యను. ఇది రాస్తున్నది ఆయన్ని చిన్నది చెయ్యడానికి కాదు.

కానీ ఆ రాత్రి నేను వెతికిన ధైర్యం ఆ పుస్తకాల్లో నాకు దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలుసుకోడమే విమర్శ అనుకుంటాను.

'వెలి' అన్న మాటే తీసుకోండి. గోరాని వెలేశారు. వెలెయ్యాలంటే ముందు లోపల ఉండాలి. ఆయన ఉన్న ఇంట్లోంచి బయటికొచ్చారు. మనం పుట్టడమే బయట పుట్టాం. మన పేటకి పేరే వెలివాడ. లోపలివాడు బయటికొస్తే అది త్యాగం. బయటివాడు లోపలికి అడుగేస్తే అది పొగరు. రెండూ గీత దాటడమే. తిట్టు రెండువైపులా పడుతుంది. కానీ లోపలి నుంచి వచ్చినవాడికి పడే తిట్టులో 'మనవాడు చెడిపోయాడే' అన్న బాధ ఉంటుంది. మనకి పడే తిట్టులో 'నీకెంత ధైర్యం' అన్న కోపమే ఉంటుంది. ఆ బాధ పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో గౌరవంగా మారుతుంది. ఈ కోపం ఏనాటికీ దేనిగానూ మారదు.

1972లో గోరా పటమటలో ఆవుమాంసం, పందిమాంసం కలిపి విందు పెట్టారు. దేశంలో పెద్ద గొడవయింది. హిందువు ఆవునీ ముసల్మాను పందినీ వదిలేసి, మనిషి మనిషితో కలిసి తినాలన్నది ఆయన ఉద్దేశం. ఉద్దేశం గొప్పదే. మా నాయనమ్మ ఆ విందు గురించి ఒకే మాట అనేది, "ఆయన తింటే పేపర్లో ఏశారంట. మనం తింటే పంచలోకి రానియ్యలా." మా ఇంట్లో పెద్దకూర ఏ ఉద్యమమూ కాదు. ఆదివారం కూర. ఎండబెట్టిన తునకలు వానాకాలం ఆధారం. వాళ్ళకి కార్యక్రమమైనదే మాకు కడుపు. ఆ విందు మీద వచ్చిన మెచ్చుకోళ్ళలోనూ తిట్లలోనూ మనం లేం. తరతరాలుగా ఆ కూర తిని, ఆ కూర వల్లే మాట పడ్డ మనుషులు ఆ చర్చకి ఏమీ కానట్టు మిగిలిపోయారు.

ఇంక అర్జునరావు సంగతి. గోరా 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' 1951లో అచ్చయింది. గాంధీతో తన సంభాషణలు అందులో రాశారు. పెళ్ళికి ముందు అర్జునరావు సేవాగ్రామ్ ఆశ్రమంలో ఉండి తయారు కావాలని గాంధీ ఏర్పాటు చేశారు. మొదటిసారి చదివినప్పుడు గాంధీ అంతటివాడి దగ్గర ఉండడం ఎంత అదృష్టం అనుకున్నాను. ఈసారి ఆగిపోయాను. అంటరానితనం పాటించింది ఎవరు? తయారు కావలసింది ఎవరు? పెళ్ళికొడుకు కులం ఏ నేరమూ చెయ్యలేదు. శిక్షణ మాత్రం పెళ్ళికొడుక్కే. ఆ పుస్తకం ప్రధానంగా ఇద్దరి మాటలు, గోరావీ గాంధీవీ. అర్జునరావు గురించి మాట్లాడతారు. అర్జునరావు ఏమనుకున్నాడో తెలియదు. అత్తింటివాళ్ళూ మహాత్ముడూ దేశమూ చూస్తుండగా ఒక పల్లె కుర్రాడు తన అర్హత నిరూపించుకుంటూ గడిపిన రోజులు ఎలా గడిచాయో అడిగిన విమర్శకుణ్ణి నేను చూళ్ళేదు.

మరి మనవాళ్ళు మంచికి నిలబడితే ఏమయింది? దూరం పోనక్కర్లేదు. 1917లో మన బెజవాడలోనే పంచమ మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. మేం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకున్నారు. వాళ్ళు అడిగింది చదువు, నీళ్ళు, మర్యాద. సభ జరిగిన మూడు రోజులూ కొండమీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. వీళ్ళు ఎక్కడ లోపలికొస్తారోనని. సభకొచ్చినవాళ్ళు గుడి మాటే ఎత్తక్కర్లేదు, నలుగురు ఒకచోట చేరితే చాలు, దేవత తలుపేసుకుంది!

జాషువా సంగతి అందరికీ తెలుసనుకుంటాం. తల్లి మాదిగ. బడిపంతులుగా బతికాడు. పురాణ కథలు రాస్తాడని క్రైస్తవ పెద్దలు ఆక్షేపించారు. అంటరానివాడని హిందువులు దూరం పెట్టారు. 1941లో 'గబ్బిలం' రాశాడు. గుళ్ళోకి మనిషి పోలేడు, గబ్బిలం పోతుంది, అందుకని దానితో శివుడికి కబురు పంపుతాడు అరుంధతీసుతుడు. ఇంత పదునైన ఎత్తిపొడుపు తెలుగులో ఇంకోటి లేదు. అయితే మనం ఆయన గురించి సభల్లో మాటిమాటికీ చెప్పుకునే కథ ఏది? చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగిన కథ. చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లు ఎవరికి? బ్రాహ్మణ పండితుడు మాదిగ కవి కాలు ముట్టుకున్నాడన్న ఆశ్చర్యానికి. కవి గొప్పతనం ముట్టుకున్నవాడి ఔదార్యంగా మారిపోయింది. ఆ జాషువా కూతురు హేమలత 1960లో గోరా కొడుకు లవణాన్ని పెళ్ళి చేసుకుని పటమటకి వచ్చింది. జోగినుల కోసం, స్టూవర్టుపురం మనుషుల కోసం ఏళ్ళ తరబడి తిరిగింది. ఆమెని చాలామంది 'గోరా గారి కోడలు' అంటారు. ఆమె ఎవరి కూతురో తర్వాత గుర్తు చెయ్యాల్సొస్తుంది.

ఇక కారంచేడు. 1985 జులై. మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గర గేదెల్ని కడిగి కుడితినీళ్ళు కలుపుతుంటే, తాగేనీళ్ళు పాడుచెయ్యొద్దన్నారు. ఇంతకన్నా మామూలు మంచిమాట లోకంలో ఉంటుందా? మా ఆరో తరగతి పుస్తకంలో పిల్లలకి మేం చెప్పే పాఠమే అది. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె అడ్డమెత్తింది. మర్నాడు, 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. గోరా నిలబడితే ఉద్యోగం పోయింది. సువార్త నిలబడితే పల్లె ఊరొదిలి చీరాల చేరింది. తిట్టుకి కులముంది అని నేనంటున్నది ఇందుకే. దెబ్బకీ ఉంది.

ఇంతవరకూ రాసి ఆపేస్తే ఇది మంచి వ్యాసమే అయ్యేది. నాకు చప్పట్లూ వచ్చేవి. కానీ ఇంకో సంగతుంది.

మెమోకి వివరణ ఇచ్చిన వారానికి, వంట ఆయమ్మ ఇంటికెళ్ళాను. ఓదారుద్దామని వెళ్ళాను. మంచమేసింది, టీ పెట్టింది. "మేడమ్ అనొద్దక్కా, నేనూ మీలోదాన్నే" అన్నాను. ఆమె మేడమ్ అనే అంది.

"మంచికే అడిగారు మేడమ్, కాదన్ను. అడిగేముందు నన్నొక్క మాట అడగొద్దా? నా కులం అందరికీ తెలుసు. నలుగుర్లో నిలబెట్టి చెప్పింది మాత్రం మీరే."

నాకు మాట రాలేదు.

"మా పిల్ల ఆ బళ్ళోనే ఏడు చదువుతుంది. కేరేజీలు ఎందుకు తెచ్చుకుంటారే అమ్మా అనడిగితే, మన కారం వాళ్ళకి పడదులే అని చెప్పుకున్నా ఇన్నాళ్ళూ. ఆ మీటింగయ్యాక అది అడగడం మానేసింది. రేపు నన్ను మానిపిస్తే, మీ జీతంలోంచి నాకిస్తారా?"

ఆమెకి నెలకి వచ్చేది 3,000 రూపాయలు. నాకు మెమో వస్తే వివరణ రాసిచ్చే కాగితముంది, సంఘముంది, కోర్టుంది. ఆమెకి రేపు రావొద్దు అన్న ఒక్క మాట చాలు. నేను మాట పడ్డానని నా బాధ. ఆ మాటకి వడ్డీ కట్టేది ఆమె. గోరా పుస్తకంలో అర్జునరావు మాట్లాడలేదని ఎత్తిచూపించిన నేను, నా మీటింగులో ఈమెని ఎక్కడ మాట్లాడనిచ్చాను? నేను బ్రాహ్మణ్ణి కాదు. అదే పల్లె, అదే కూర. అయినా ఒక సర్కారు జీతం, ఒక డిగ్రీ నన్ను ఆమె తరఫున లేచి మాట్లాడే కుర్చీలో కూచోబెట్టాయి. ఆ కుర్చీలోంచి చూస్తే ఎవరికైనా ఎదుటి మనిషి ఉదాహరణలాగే కనపడుతుంది.

అడగడం తప్పని నేననను. ఆ కేరేజీ మూత తియ్యాల్సిందే. ఎవరి చేత్తో, ఎవరిని అడిగి అన్నదే ప్రశ్న. విద్యార్థులకీ, కార్యకర్త మిత్రులకీ నేను చెప్పేది ఇంతే. ఏ సంస్కర్త కథ చదివినా, ఆయన ఏం పోగొట్టుకున్నాడన్న లెక్కతో ఆగొద్దు. ఆయన పక్కన నిలబడ్డ మనిషి ఏం పోగొట్టుకున్నాడో, ఆ మనిషిని ఎవరైనా అడిగారో లేదో వెతకండి. ఆ సంస్కర్త మనమే అయినప్పుడు మరీ వెతకండి.

ఆయమ్మ పని పోలేదు. తర్వాతి మీటింగుకి నేను ముందు ఆమె ఇంటికెళ్ళి అడిగాను. "ఈసారి నువ్వు మాట్లాడొద్దులే" అంది. మొదటిసారి నువ్వు అంది. తనూ మాట్లాడలేదు. గిన్నెలు కడుక్కుంటూ కూచుంది. నేను ఆమె పక్కన కూచున్నాను.

అప్పుడు కేరేజీలు పదకొండు వచ్చేవి. ఇప్పుడు ఏడొస్తున్నాయి. ఆ నాలుగూ తగ్గింది నేను అడిగినందుకో, ఆమె పప్పుచారు వాసనకో నాకు తెలియదు. స్టాఫ్‌రూములో మాత్రం నా రెండో పేరు అలాగే ఉంది.