పాఠ పరిష్కరణలో గిట్ అమరికలు: ఒక పరిశీలన

లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ ప్రోగ్రాముల రచనకై పుట్టిన సాధనం. ప్రతి మార్పునూ తేదీతో, కర్త పేరుతో భద్రపరుస్తుంది కనుక అది పాఠ పరిష్కర్తకూ ఉపకరిస్తుంది. అయితే దాని తొలి అమరికలు తెలుగు లిపికి అనుకూలమైనవి కావు.

మెకంజీ కైఫీయతుల తరహాలో గ్రామచరిత్రలను ఊరిపేరిట ఫైళ్లుగా భద్రపరిచినప్పుడు ఈ లోపం బయటపడుతుంది. గుంటూరు జిల్లాలోని 'పెదకాకాని' పేరునే తీసుకుంటే, గుణింతపు గుర్తులతో కలిపి అందులో 9 యూనికోడ్ సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు. మార్పుల పట్టికలో గిట్ ఆ పేరుకు బదులు 27 మూడంకెల సంకేతాలను చూపుతుంది. 'ప' ఒక్కటే '\340\260\252' అవుతుంది. 'కోర్.కోట్‌పాత్' అమరికను 'ఫాల్స్'గా మారిస్తే పేరు తెలుగులోనే కనిపిస్తుంది. నిల్వలో పేరు ఎప్పుడూ చెడదు. చెడేది దాని ప్రదర్శన మాత్రమే.

అసలు సమస్య ఆ తరువాతిది. ఈ అమరిక పరిష్కర్త సొంత కంప్యూటరులోని కన్ఫిగరేషన్ ఫైలులో ఉంటుంది. రిపోజిటరీని క్లోన్ చేసుకున్న మరొక పరిశోధకునికి అది చేరదు. రిపోజిటరీతోపాటు ప్రయాణించే 'గిట్‌ఆట్రిబ్యూట్స్' ఫైలు ఈ అమరికను మోయలేదు. కనుక ఒకరు చదివిన పట్టిక మరొకరికి అంకెల వరుసగానే మిగులుతుంది.

ముద్రిత పరిష్కరణలో ఆధార ప్రతుల సంకేతాలను పీఠికలో వివరించడం సంప్రదాయం. డిజిటల్ పరిష్కర్త తన అమరికలను కూడా అలాగే పీఠికలో నమోదు చేయవలసి ఉంది. లేనిపక్షంలో పాఠం అందరికీ అందినా, దాని మార్పులను సరిచూడటం కొందరికే సాధ్యమవుతుంది.