అడుగులకు అరిసెలు

ఎదుగుదలా, నీకు జేజేలు!

నీ తొలి నైవేద్యం ముర్రుపాలు. పుట్టిన గంటలోపే బిడ్డ నోటికి అందవలసిన ఆ పసుపుపచ్చని చిక్కదనానికి జేజేలు. తేనె చుక్క వద్దు, పంచదార నీళ్లు వద్దు. ఆరు నెలలు నిండేదాకా అమ్మ పాలే అన్నం, అమ్మ పాలే నీళ్లు. అయిదో నెలకల్లా పుట్టిననాటి బరువు రెండింతలు, ఏడాదికి మూడింతలు! ఇంత వేగం బతుకులో మళ్లీ ఎన్నడూ చూపవు నువ్వు.

అన్నప్రాశన నాడు బిడ్డ పుస్తకం పట్టుకోనీ, బంగారం పట్టుకోనీ, నువ్వు అడిగేది మెత్తగా మెదిపిన పప్పన్నం, కాస్త నెయ్యి, ఆకుకూర, గుడ్డు. తోడుగా రెండేళ్లూ ఆపైనా అమ్మ పాలు. పాప ‘ఊ’ అంటే అమ్మ తిరిగి ‘ఊ’ అంటుందే, ఆ ఊసులాటతోనే పసి మెదడులో నరాలు అల్లుకుంటాయి. జోలపాటా తిండే, చందమామను చూపించే వేలూ తిండే.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు పంచిన అమ్మమ్మలకూ నానమ్మలకూ జేజేలు! బిడ్డ ఒక్క పక్కకు ఒత్తిగిలినా ఇరుగుపొరుగుకు తీపి పెట్టాల్సిందేనన్నారు వాళ్లు. కళ్లారా చూసేవాళ్లు ఉన్నచోటే నువ్వు నిలుస్తావని ఎరిగినవాళ్లు.

1975 అక్టోబరు 2న మొదలైన పథకంతో పల్లెపల్లెకూ నడిచొచ్చిన అంగన్‌వాడీకి జేజేలు! టీచరమ్మ బిడ్డను తూచి చార్టు మీద చుక్క పెడుతుంది. నెలనెలా చుక్కలు పైకి పాకితే నువ్వున్నట్టు. గీత వంగిందా, బిడ్డ నవ్వుతున్నా ఆమెకు దిగులే. ఆర్నెల్లు దాటిన పసివాడి జబ్బకు రంగుల టేపు చుడుతుంది. 12.5 సెంటీమీటర్లకు పైన పచ్చరంగు, 11.5కు దిగువన ఎరుపు. ఎరుపు చూసి ఆ ఇంటి తలుపు తట్టే చేతికి జేజేలు.

ఆటలతో, టీకాలతో, నులిపురుగుల మాత్రలతో బడి ఈడు గడిచాక, గోదారి వరదలా మళ్లీ వస్తావు. ఆడపిల్లల్లో ముందుగా, మగపిల్లల్లో దాదాపు రెండేళ్లు వెనకగా. పెద్దమనిషైన పిల్లకు చిమ్మిలి తినిపించారు మన పెద్దలు. ఆ తినిపించే చెయ్యి వేడుకతో ఆగకూడదు. నెలనెలా పోయే రక్తానికి బదులుగా ఆకుకూరలూ పప్పులూ కావాలి, వారం వారం నీలం రంగు ఐరన్ మాత్ర కావాలి.

గొంతు బొంగురుపోయిన పిల్లాడికో? ఏ పిండివంటా లేదు! నూనూగు మీసానికి సిగ్గుపడే అతనికీ లోకం ఇప్పుడే కొత్తగా మొదలైంది. ఆ తిక్క, ఆ మౌనం, ఆ ఎదురు జవాబు అన్నీ తప్పటడుగులే. నడక నేర్చేటప్పుడు పడితే చప్పట్లు కొట్టి లేపిన మనం ఇప్పుడు కసరడమెందుకు? రాత్రి కనీసం ఎనిమిది గంటలు నిద్రపోనిద్దాం. గాఢనిద్రలోనే కదా పెంచే హార్మోను జోరుగా ఊరేది! మెలకువలో మన ఫోను పక్కన పెట్టి, వాళ్లు చెప్పేది చివరిదాకా విందాం.

అమ్మలారా, నాన్నలారా! తొలిసారి ఒంటరిగా బస్సెక్కి వచ్చిన పిల్లకు, చేసిన తప్పు తానే వచ్చి చెప్పిన పిల్లాడికి, నెలసరి నొప్పి గురించి నాన్నతో జంకకుండా మాట్లాడిన కూతురికి కూడా వేడుక చెయ్యండి. పద్దెనిమిదేళ్లు నిండేదాకా వాళ్లు వేసే ప్రతి అడుగూ మొదటి అడుగే.