ప్రాచీన రక్షణకు నూతన పీఠం

మందులకు లొంగని సూక్ష్మజీవుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకుణ్ణి భయపెట్టి వదిలిపెట్టే రచనలే నా కంట పడుతుండగా, సూక్ష్మజీవ నాశక పెప్టైడ్లను నానో పదార్థాలతో సంధానించే విద్యను మూలం నుంచీ ఓపికగా వివరించిన ఈ గ్రంథం నా చేతికి రావడం, దానికి పీఠిక రాయవలసిందిగా పూర్వశిష్యురాలైన గ్రంథకర్త్రి అడగడం నాకు సంతోషదాయకాలు.

ఈ విద్య వంశం చిన్నది కాదు. 1939లో రెనే డూబోస్ మట్టిలోని బాసిల్లస్ నుంచి గ్రామిసిడిన్‌ను వెలికితీశాడు. 1981లో స్వీడన్‌లో హాన్స్ బోమన్ బృందం పట్టుచిమ్మట ప్యూపాల నుంచి సెక్రోపిన్లను లోకానికి చూపింది. 1987లో మైకేల్ జాస్లాఫ్, శస్త్రచికిత్స చేసి మామూలు తొట్టినీటిలో వదిలిన ఆఫ్రికా కప్పల గాయాలు చీము పట్టకుండా మానిపోవడం గమనించి, వాటి చర్మం నుంచి మాగైనిన్లను వేరుచేశాడు. మన హైదరాబాదుకూ ఈ పరంపరలో స్థానముంది. 1979లో పుష్పమిత్ర భార్గవ సహచరులతో కలిసి ఎద్దు శుక్రద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ అనే సూక్ష్మజీవ నాశక ప్రోటీన్‌ను వెలుగులోకి తెచ్చారు. అనంతరం అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో రామకృష్ణన్ నాగరాజ్ ప్రభృతులు దానిలోని పదమూడు అమైనో ఆమ్లాల ఖండాన్ని కృత్రిమంగా నిర్మించి పరీక్షించగా, అది బాక్టీరియాను చంపడమే కాక ఎర్ర రక్తకణాలనూ ఛేదించింది.

ఆ చివరి మాట దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలి; ఈ గ్రంథమంతా అక్కడి నుంచే బయలుదేరుతుంది. ధనావేశం గల పెప్టైడ్, ఋణావేశం గల బాక్టీరియా పొరను వెదుక్కుంటూ వెళ్లి దాన్ని చీల్చగలదు, నిజమే; కానీ రక్తంలోని ప్రోటియేజులు దాన్ని ముక్కలు చేస్తాయి, లవణాలు దాని పట్టును సడలిస్తాయి, మోతాదు పెరిగితే మన కణాలకే ముప్పు తెస్తుంది. మాగైనిన్ సంతతికి చెందిన పెక్సిగానన్, మధుమేహ రోగుల పాదవ్రణాలకు లేపనంగా చాలా దూరం వచ్చి, 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందలేకపోయింది. ఈ పరాజయాన్ని అధోజ్ఞాపికలోకి నెట్టకుండా ఒక అధ్యాయమే కేటాయించినందుకు గ్రంథకర్త్రిని ప్రత్యేకంగా అభినందిస్తున్నాను. విజయగాథలు రాసేవారికి లోకంలో కొరత లేదు.

నానో పదార్థం చేసే ఉపకారం ఏమిటన్నది ఈమె నిదానంగా చెప్పుకొచ్చారు. బంగారు కణం ఉపరితలాన అనేక పెప్టైడ్లను అంటించినప్పుడు అవన్నీ ఒకేచోట గుమిగూడి పొరను తాకుతాయి. పాలిమర్ కణంలో దాచినప్పుడు ప్రోటియేజుల బారి నుంచి కొంతకాలం తప్పించుకుంటాయి. వెండి కణంతో జతకూడినప్పుడు పెప్టైడ్ పొరను సడలిస్తే, వెండి అయాన్లు ఆ సందులోంచి లోనికి చొరబడతాయి. పరస్పర బలాన్ని నిరూపించే పరీక్షను వర్ణించిన పుటలు నాకు మరీ నచ్చాయి: తొంభైఆరు గుంటల పళ్లెంలో అడ్డంగా పెప్టైడ్, నిలువుగా వెండి, గుంట గుంటకూ సగమవుతూ పోయే గాఢతలు; అన్నింటిలోనూ బాక్టీరియాను చేర్చి రాత్రంతా ముప్పైఏడు డిగ్రీల దగ్గర ఉంచి, తెల్లవారి పైకెత్తి చూస్తే, ఏ గుంట మసకబారింది, ఏది తేటగా మిగిలింది అన్నదే తీర్పు. విడివిడిగా ఏ ఒక్కటీ బాక్టీరియా పెరుగుదలను ఆపలేని స్వల్ప గాఢతల వద్ద రెండూ కలిసి తేటదనం నిలిపిన గుంటలను పరిశోధకుడు వేలితో లెక్కిస్తాడు. ప్రయోగశాలలో ఏళ్ల తరబడి చేయి తిరిగినవారు మాత్రమే ఇలా రాయగలరు.

కార్బపెనెమ్ మందులకు లొంగని అసినెటోబాక్టర్, సూడోమోనాస్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రథమ శ్రేణి శత్రువులుగా పేర్కొన్న సంగతి వైద్యులకు తెలిసిందే. కనుక ఈ శ్రమ ప్రయోజనాన్ని నేను వేరుగా సమర్థించనక్కర్లేదు.

నాకొక కొరత మాత్రం తోచింది. ఈ కణాలు శరీరంలో చేరాక కాలేయంలో, ప్లీహంలో ఎంతకాలం నిలుస్తాయో, వెండి మన కణాలకు ఏ మేరకు హాని చేస్తుందో చెప్పే అధ్యాయం కురచగా ఉంది. పెంచమన్నాను. “మనుషుల మీద సరైన ఫలితాలు వస్తే తప్ప ఏం పెంచను మాస్టారూ?” అన్నారామె. ఆ జవాబుకు నా దగ్గర బదులు లేకపోయింది, అధ్యాయం అలాగే ఉండిపోయింది.